మా ఆవిడ వెనకాల వస్తోందండి

యాభై దాటేదాకా నాకు సైకిల్ తొక్కడం రాదు. గుంటూరులో మా అన్నయ్యలకు సైకిళ్ళుండేవి, నాకు రిక్షా ఉండేది. కాలేజీకి బస్సు, అమెరికా వచ్చాక కారు. రెండు చక్రాల మీద నిలబడాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. మా ఆయనకు జబ్బు చేశాక పడింది.

ఆయనది చీరాల. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము ఇల్లు కొనుక్కున్నది ఆయన ఆఫీసు దగ్గరని. కార్లకు బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేసేవారు. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది. కాఫీ ఎక్కువైందనుకున్నాం. తర్వాత సంతకం చిన్నదవుతూ వచ్చింది. ఆ తర్వాత నడక. పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పిన రోజు కారులో ఇంటికి వస్తూ ఆయన ఒక్కటే అడిగారు, దారిలో పాలు తీసుకోవాలా అని. తీసుకోవాలన్నాను. ఆగి తీసుకున్నాం.

మందులు కొన్నాళ్ళు బాగా పనిచేశాయి. తర్వాత గుమ్మాల దగ్గర ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోవడం మొదలైంది. వంటింట్లోంచి హాల్లోకి రావాలి. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవారు. ఒళ్ళు ముందుకు వంగేది, కాళ్ళు కదిలేవి కావు. తోస్తే పడతారు, లాగినా పడతారు. పక్కన నిలబడి, ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. ఒక్కోసారి అన్నం చల్లారిపోయేది.

"బ్రేకులు చేసేవాడికే బ్రేకులు పడ్డాయి, చూశావా" అనేవారు. ఆఫీసులో వాళ్ళకి కూడా ఇంగ్లీషులో ఇదే జోకు చెప్పబోయి, కుదరక వదిలేశారు.

ఫిజికల్ థెరపీకి వెళ్ళేచోట ఒక అమెరికన్ అమ్మాయి ఆయన్ని ఒకరోజు, మీకు సైకిల్ వచ్చా అని అడిగింది. చీరాలలో పుట్టినవాణ్ణి, రాకపోవడమేమిటి అన్నారు. నడవలేనివాళ్ళు కూడా కొందరు సైకిల్ తొక్కగలరు, జాగ్రత్తగా ఒకసారి చూడండి అంది ఆ అమ్మాయి. నేను నమ్మలేదు. ఇంట్లో గుమ్మం దాటలేని మనిషి సైకిలెలా తొక్కుతాడు?

అప్పుడు మా అమ్మాయి సెలవుకి ఇంటికొచ్చి ఉంది. తనది రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్యారేజీలో తన కాలేజీ రోజుల సైకిలుంటే గాలి కొట్టి బయటికి తీసింది. మా వీధి చివర కార్లు వెనక్కి తిరగడానికి గుండ్రంగా వదిలిన చోటుంది. అక్కడికి ఆయన్ని వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళాం. సైకిల్ని బాగా పక్కకి వంచితే కాలు అటువేశారు. నేనొక పక్క, అమ్మాయి ఒక పక్క పట్టుకుని కొంచెం ముందుకి నెట్టాం.

ఆయన వెళ్ళిపోయారు.

ఊగలేదు, తూలలేదు. చొక్కా వీపు మీద గాలికి ఉబ్బింది. గుండ్రంగా తిరిగి, ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్ పక్కనుంచి ఒడుపుగా వంగి, మళ్ళీ మావైపు వచ్చారు. చేతుల్లో వణుకు లేదు. ఇన్నాళ్ళూ ఈయన ఎక్కడున్నారు అనిపించింది నాకు. అమ్మాయి ఫోన్ తీసి వీడియో తీస్తూ ఏడ్చేసింది. ఆయన మాత్రం మా ముందునుంచి వెళ్తూ, "బ్రేకు వదులుగా ఉంది, బిగించాలి" అన్నారు.

అయితే ఎక్కడానికీ దిగడానికీ పక్కన మనిషుండాలి. ఆ మనిషిని నేనే. అంటే నాకూ సైకిల్ రావాలి. నాకోసం ఇంకో సైకిల్ కొన్నాం.

మా తెలుగు చర్చి పార్కింగ్ స్థలంలో శనివారాలు నేర్చుకున్నాను. లోపల ఆదివారం పాటల కోసం క్వయర్ ప్రాక్టీసు నడిచేది. బయట మా అమ్మాయి ఉన్నన్నాళ్ళు సీటు పట్టుకుంది. తను వెళ్ళాక ఎవరూ పట్టుకోలేదు. ఆయన నా చుట్టూ తొక్కుతూ చెప్పేవారు.

"కిందికి చూడకు. నేల ఎక్కడికీ పోదు."

"పడతానండీ."

"పడితే పడతావు. ముందు తొక్కు."

క్వయర్ నుంచి బయటికొచ్చిన ఒక సిస్టర్, చాలాకాలంగా మాకు కావలసిన మనిషి, నన్ను చూసి నోరు నొక్కుకుంది. "సిస్టర్, ఈ వయసులో ఎముక విరిగితే అతకదు. ఇద్దరూ మంచాన పడితే ఎవరు చూస్తారు?" అంది. నిజమే. కొన్నిసార్లు పడ్డాను కూడా. కానీ ఆకులు రాలేనాటికి ఆయన వెనకాల నేనూ తొక్కుతున్నాను.

మా ఊరి రోడ్లు సైకిళ్ళ కోసం వేసినవి కావు. కార్లు చేసుకుని బతికే చోటిది. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద సైకిల్ తొక్కేవాణ్ణి కారు కొనుక్కోలేనివాడి కింద చూస్తారు. మేము చిన్న వీధులు వెతుక్కుని తిరిగేవాళ్ళం. అయినా ఎక్కడో ఒకచోట పెద్ద రోడ్డు దాటక తప్పదు. ఒక మధ్యాహ్నం అలా వెళ్తుంటే వెనకనుంచి పికప్ ట్రక్కొకటి వచ్చి, చెవుల దగ్గర హారన్ మోగించి, రాసుకుంటున్నట్టు పోయింది. ఆ జబ్బులో ఉలికిపాటు మామూలు మనుషుల ఉలికిపాటులా ఉండదు. ఆయన ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. సైకిల్‌తో సహా పక్కనున్న గడ్డి కాలవలోకి వెళ్ళిపోయారు.

దెబ్బలేం తగల్లేదు. నేను పరిగెత్తేసరికి వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. "ఇంక చాల్లే" అన్నారు.

ఆ చలికాలమంతా గ్యారేజీలో సైకిల్ని ఒక స్టాండుకి బిగించి తొక్కారు. ఎదురుగా గోడ, గోడకి పెయింటు డబ్బాలు, మంచు ఎత్తే పారలు. తొక్కుతూనే ఉండేవారు, చక్రం అక్కడే తిరుగుతూ ఉండేది. నేను తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసేదాన్ని. అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడు ఫోన్ అటు తిప్పి చూపించాను. మర్నాడు మళ్ళీ చేసింది.

"మమ్మీ, నేను స్పెయిన్‌లో సెమిస్టర్ చేశాను కదా. అక్కడ రోడ్స్ ఉన్నాయి, కార్స్ ఉండవు. లిటరల్లీ. అందరూ సిటీస్‌కి వెళ్ళిపోయారు, విలేజెస్ అన్నీ ఎంప్టీ. కానీ రోడ్ మంచిగా ఉంది. డాడీని తీసుకెళ్దాం."

"ఈయన్ని విమానంలో అంత దూరమా?"

"నేను వస్తాను. నేను వ్యాన్ డ్రైవ్ చేస్తాను, మీ వెనక. మీరు తొక్కండి."

ఆయన పక్కనే కూర్చుని వింటున్నారు. "వెళ్దాం" అన్నారు. జబ్బొచ్చాక ఆయన ఇంత తొందరగా దేనికీ జవాబు చెప్పలేదు.

డాక్టరు సరేనన్నాడు. చర్చిలో ఎవరికీ అర్థం కాలేదు. చూడాలనుకుంటే బైబిల్లో చెప్పిన పవిత్ర దేశం వెళ్ళొచ్చు కదా, బస్సులో తిప్పుతారు అన్నారు. పాస్టరుగారు మాత్రం ఏమీ అడక్కుండా ఆయన తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు.

మే నెలాఖరులో వెళ్ళాం. మాడ్రిడ్ నుంచి కొన్ని గంటల ప్రయాణం, సోరియా అనే పట్నం దాటి ఇంకా లోపలికి. ఒక రాతి ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఊళ్ళో ఇళ్ళు చాలా ఉన్నాయి, మనుషులు లేరు. తాళాలు తుప్పు పట్టిన తలుపులు, మూసేసిన బడి, మధ్యలో నీళ్ళు పడుతూనే ఉండే రాతి తొట్టి. చర్చి గంటగోపురం మీద కొంగల గూళ్ళు. అవి ముక్కులు టకటకలాడిస్తుంటే, మన క్వయర్ కంటే తాళం బాగా కుదిరింది అన్నారాయన.

మొదటి రోజు పొద్దున చలిగా ఉంది. ఆయన మాత్ర వేసుకుని, అది ఒంట్లో పనిచేయడం మొదలయ్యేదాకా ఆగాం. మాంసం, పప్పు లాంటివి ఆ మందుకి పడవు, అందుకని పొద్దున్నపూట ఆయనకి ఉత్త రొట్టె, టమాటా గుజ్జు. అమ్మాయి సైకిల్ వంచి పట్టుకుంది. ఊరి చివర ఇల్లు దాటాక రోడ్డు తిన్నగా గోధుమ చేలలోకి వెళ్ళిపోయింది. పచ్చటి చేల మధ్య ఎర్రగా కనిపిస్తే ఒక్క క్షణం ఎవరో మిరపకాయలు ఆరబోశారనుకున్నాను. గుంటూరు కళ్ళు కదా. దగ్గరికెళ్తే అవి పువ్వులు. పల్చటి రేకులు, గాలి తగిలితే చాలు వణికేవి.

కారు రాలేదు. చాలాసేపు ఏదీ రాలేదు. చక్రాల చప్పుడు, పైన ఎక్కడో కనపడని పిట్ట. అమ్మాయి వ్యాను దూరంగా వెనక ఆగి ఆగి వచ్చేది.

"వింటున్నావా?" అన్నారు ఆయన ముందునుంచి.

"ఏంటండీ?"

"ఏమీ లేదు. అదే."

ఒకరోజు వెనక ట్రాక్టరు చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి పడిపోతారని భయపడ్డాను. ట్రాక్టరు దగ్గరికి రాలేదు. హారన్ కొట్టలేదు. రోడ్డు వెడల్పయ్యేదాకా చాలా దూరం మా వేగంలోనే వెనకాల వచ్చింది. చోటు దొరికాక మెల్లగా పక్కనుంచి వెళ్ళింది. నడిపే ముసలాయన మావైపు చూసి స్టీరింగు మీదనుంచి ఒక వేలు ఎత్తాడు, అంతే. ఆ సాయంత్రం మా ఆయన, "పాపం, మనవల్ల అతని పని ఆలస్యమైంది" అన్నారు, రెండు మూడుసార్లు. హారన్ కొట్టనందుకు ఆయన అతన్ని మర్చిపోలేకపోయారు.

అక్కడి ఎత్తులు మా మిషిగన్‌లో లేవు. మరీ నిటారుగా ఉండవు గాని, చాలా దూరం సాగుతూ ఎక్కుతూ ఉంటాయి. ఎత్తు వస్తే నేను వెనకబడిపోయేదాన్ని. ఆయన ఎక్కేసేవారు. నడవలేని ఆ కాళ్ళకి అంత బలం ఎక్కడిదో నాకిప్పటికీ తెలీదు. పైకి వెళ్ళాక రోడ్డు పక్కనున్న రాయి మీద ఒక కాలు ఆనించి ఆగేవారు. వెనక్కి తిరిగి చూసేవారు కాదు. తల తిప్పితే తూలిపోతారు. అలా ముందుకే చూస్తూ, నా సైకిల్ గొలుసు చప్పుడు, నా ఆయాసం వినపడేదాకా ఉండేవారు. నేను పక్కకి వచ్చాక అడిగేవారు.

"వచ్చావా?"

"వచ్చానండీ."

మళ్ళీ బయలుదేరేవాళ్ళం. ప్రతి ఎత్తు దగ్గరా అంతే. రోజుకెన్నిసార్లో.

ఒక మధ్యాహ్నం చిన్న ఊళ్ళో తొట్టి దగ్గర ఆగాం. అమ్మాయి ఇంకా రాలేదు. నేనే ఆయన్ని దించాను. దిగాక కాళ్ళు బిగుసుకుపోయాయి. ఎండలో, ఆ ఖాళీ వీధి మధ్యలో నిలబడిపోయారు. నేను లెక్కపెట్టాను. కదల్లేదు. ఎదురింటి గడప ముందు నల్ల గౌను వేసుకున్న ముసలామె కుర్చీలో కూర్చుని చూస్తోంది. లేచింది. తన కుర్చీ మోసుకుంటూ వచ్చి, సరిగ్గా ఆయన వెనకాల వేసి, మోకాళ్ళకి తగిలించింది. ఆయన కూర్చున్నారు. ఆమె మళ్ళీ లోపలికెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి నాకు వేసింది. తనకి మూడోది తెచ్చుకుంది. ముగ్గురం రోడ్డు మధ్యలో కూర్చున్నాం. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మాయి వచ్చి, ఎవరి పెళ్ళి అంది.

ముసలామె పిల్లలు పెద్ద పట్నంలో ఉన్నారట. చలికాలం వీధిలో వెలిగేది తన దీపమొక్కటేనట. ఎక్కడికి వెళ్తున్నారని ఆయన్ని అడగమంది. అమ్మాయి అడిగింది.

"ఎక్కడికీ కాదని చెప్పు. ఊరికే వచ్చామని చెప్పు" అన్నారాయన.

అమ్మాయి చెప్పింది. ఆమె నవ్వి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఏదో అంది. ఊరికే వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎవరూ రావడం లేదు అందట.

ఆఖరి రోజు సాయంత్రం ఆ రాతి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, వచ్చే ఏడాది దక్షిణం వైపు వెళ్దామని అనుకున్నాం. ఆలివ్ తోటల మధ్య ఇలాంటి రోడ్లే ఉంటాయని అమ్మాయి చెప్పింది. ఈసారి నేను కూడా ఎత్తులు బాగా ఎక్కుతానన్నాను. "ఏం తొందర లేదు. నేను ఆగుతాగా" అన్నారు.

ఆ మరుసటి ఏడాది మేము ఎక్కడికీ వెళ్ళలేదు. ఏప్రిల్లో, మా ఇంట్లో, బాత్రూం గుమ్మం దగ్గర పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. కానీ మత్తులోంచి లేచిన మనిషి మా ఆయన కాదు. ఆసుపత్రి గది మూలలో మేకలున్నాయి, తోలమన్నారు. ఇది కొందరికి వస్తుంది, తగ్గుతుంది అని డాక్టర్లు చెప్పారు. కొంత తగ్గింది. ఎక్కువ భాగం తగ్గలేదు. జబ్బు మెదడులోకి కూడా వచ్చిందని తర్వాత తెలిసింది. భోజనాల గదిలో బల్ల తీసేసి ఆసుపత్రి మంచం వేయించాం. నేను ఇన్నాళ్ళూ ఒక ల్యాబ్‌లో చేస్తున్న ఉద్యోగం మానేశాను. అమ్మాయి ఇక్కడినుంచి పనిచేసుకుంటానని అడిగి వచ్చేసింది.

ఒకరోజు పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగిస్తుంటే ఆయన నావైపు చూసి, "మీకు శ్రమ ఇస్తున్నానండి" అన్నారు.

మా పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనాయన్ని మీరు అన్నాను, ఆయన నన్ను నువ్వు అన్నారు. కోపంలో కూడా నన్ను మీరు అనలేదు. గ్లాసు పక్కన పెట్టాను.

"నేనండీ" అన్నాను.

"తెలుసండి. మీరు బాగా చూస్తున్నారు" అన్నారు మర్యాదగా.

మొదట్లో సరిదిద్దేదాన్ని. నేను మీ భార్యని అని చెప్పేదాన్ని. ఆయన మొహమాటంగా చూసేవారు, పరాయి ఆడమనిషి అనకూడని మాట అన్నట్టు. ఆ చూపు భరించలేక మానేశాను.

స్పెయిన్‌లో అమ్మాయి వ్యాన్ అద్దంలోంచి వీడియోలు తీసింది. ఒక మధ్యాహ్నం వాటిని టీవీలో పెట్టింది. రోడ్డు, గోధుమలు, దూరంగా రెండు వీపులు. ముందు ఆయన, వెనక నీలం జాకెట్‌లో నేను. ఆయన తల దిండు మీదనుంచి లేపి చూశారు.

"ఆ ముందు వెళ్ళే ఆయన బాగా తొక్కుతున్నాడండి."

"అవునండి" అన్నాను.

"ఆ వెనకాల నీలం జాకెట్ మా ఆవిడ."

అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఎత్తు వస్తే కొంచెం ఆలస్యమవుతుందండి ఆమెకి. వచ్చేస్తుంది" అన్నారు.

ఆ రోజునుంచి అన్నం తినడం మానేశారు. స్పూను పెదాల దగ్గరికి తీసుకెళ్తే చెయ్యి అడ్డం పెట్టేవారు. "మా ఆవిడ వెనకాల వస్తోందండి. రానివ్వండి. కలిసి తింటాం." అమ్మాయి బతిమాలింది. చర్చినుంచి వచ్చినవాళ్ళు బతిమాలారు. అందరికీ అదే మాట, అంతే మర్యాదగా. రోజురోజుకీ చొక్కా వేలాడిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను గ్యారేజీలోకి వెళ్ళాను. నీలం జాకెట్ మేకుకి వేలాడుతోంది. వేసుకున్నాను. హెల్మెట్ పెట్టుకున్నాను. గ్యారేజీ తలుపులోంచి హాల్లోకి, అక్కడినుంచి ఆయన మంచం దగ్గరికి కొంచెం ఆయాసపడుతున్నట్టు నడిచి వచ్చాను.

ఆయన మొహం విప్పారింది. "వచ్చావా?"

"వచ్చానండీ."

"పద, తిందాం. ఆకలేస్తోంది."

పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టాను. అంతా తిన్నారు. నేనూ ఆయన ఎదురుగా హెల్మెట్ పెట్టుకునే నాలుగు ముద్దలు తిన్నాను. తర్వాత లోపలికెళ్ళి జాకెట్ తీసేసి వచ్చి కూర్చుంటే, "మీరు తిన్నారా అండి?" అని అడిగారు.

ఆ ఎండాకాలమంతా అదే మా పద్ధతి. మధ్యాహ్నం గ్యారేజీకి వెళ్ళేదాన్ని, జాకెట్ వేసుకుని వచ్చేదాన్ని. అమ్మాయి ఒకసారి వెనకాలే వచ్చి, చీకటి గ్యారేజీలో నేను హెల్మెట్ బెల్టు పెట్టుకుంటుంటే చూసింది.

"మమ్మీ, ప్లీజ్. నువ్వు ఇలా డైలీ చేస్తే నువ్వు..." తనకి తెలుగులో మాట దొరకలేదు. ఇంగ్లీషులో కూడా దొరకలేదు. నా బెల్టు తనే పెట్టింది.

జాకెట్ లేనప్పుడు నేను ఆయనకి ఎవరో ఆయమ్మను. ఆ ఆయమ్మతో ఆయన నాతో ఎప్పుడూ చెప్పనివి చెప్పేవారు.

"మా ఆవిడకి సైకిలంటే భయమండి. నాకోసం నేర్చుకుంది. ఒకసారి పడి మోచెయ్యి అంతా చెక్కుకుపోయింది. నాకు కనపడకూడదని పొడుగు చేతుల జాకెట్ వేసుకుని తిరిగింది. నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు."

నేను ఆయన దుప్పటి సర్దాను. చేతులకి ఏదో ఒక పని కావాలి.

"చెప్పాల్సిందండి ఆవిడతో" అన్నాను.

"ఇంట్లో మనిషికి ఏం చెప్తామండి?" అన్నారు. మళ్ళీ, "నాకు మాట సరిగ్గా రావడంలేదు. ఆమె వచ్చాక మీరు చెప్పండి" అన్నారు.

"చెప్తానండి" అన్నాను.

చెట్లు రంగు మారే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఎప్పటిలాగే జాకెట్ వేసుకుని వచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను చూశారు. తర్వాత నా భుజం మీదుగా తలుపువైపు చూశారు.

"ఇంకా రాలేదా అండి?"

హెల్మెట్ తీసి మళ్ళీ పెట్టుకున్నాను. గ్యారేజీలోకి వెళ్ళి మళ్ళీ వచ్చాను. "వచ్చానండీ" అన్నాను. "మీరు కాదండి" అన్నారు, నన్ను నొప్పించకుండా, చాలా మెల్లగా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ. ఆ తర్వాత ఆయనకి ఎవరికోసం ఎదురుచూస్తున్నారో కూడా గుర్తులేదు. తలుపువైపు మాత్రం చూసేవారు. అన్నం పెడితే తినేవారు. కొన్ని నెలల కిందట ఆయన ఒక్క ముద్ద తింటే చాలని ప్రార్థన చేశాను. ఇప్పుడు ఎవరి చేత్తో పెట్టినా తింటుంటే చూడలేకపోయాను.

జనవరిలో న్యుమోనియా వచ్చింది. మింగేటప్పుడు ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. ఒక ఉదయం, మంచు కురుస్తుండగా, అమ్మాయీ నేనూ చెరో చెయ్యి పట్టుకుని ఉండగా పోయారు. ఏ మాటా చెప్పలేదు. కళ్ళు తెరవలేదు.

భూస్థాపన నాడు నేల గడ్డకట్టి ఉంది. యంత్రంతో తవ్వారని ఎవరో చెప్పారు. పాస్టరుగారు వాక్యం చదివారు, క్వయర్ వాళ్ళు చేతి తొడుగులతోనే పుస్తకాలు పట్టుకుని పాడారు. తర్వాత చర్చి హాల్లో ఆదరణ కూడిక. కాఫీ, సమోసాలు. పార్కింగ్ స్థలంలో నన్ను చూసి నోరు నొక్కుకున్న ఆ సిస్టరే నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఆఖర్న మిమ్మల్ని గుర్తుపట్టారా, సిస్టర్?"

"లేదండి" అన్నాను.

"పరలోకంలో గుర్తుపడతారు."

నేనూ అదే నమ్ముతాను. పుట్టినప్పటినుంచి నమ్ముతున్నాను. నమ్మకం ఉంటే ఏడుపు తక్కువ వస్తుందని మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు, అది నిజం కూడా కాదు. ఇంటికొచ్చి భోజనాల గదిలో ఆ మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. మంచం తీసుకెళ్ళడానికి కంపెనీ మనుషులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆవిడ వచ్చాక చెప్పమన్న మాటని ఎవరికి చెప్పాలో తెలియక, నాకు నేనే ఒకసారి పైకి అనుకున్నాను. ఆయన అన్నట్టే, అండీ పెట్టి.

అమ్మాయి చాలా రోజులు ఉండి, రెడ్‌మండ్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ వీడియోలు నా ఫోన్లో వేసింది. నేను ఒక్కటి కూడా తెరవలేదు.

మంచు కరిగాక, మొన్న మే నెలలో, సైకిల్ బయటికి తీశాను. ఎందుకో తెలీదు. చక్రాలకి గాలి లేదు, కొట్టుకున్నాను. మా వీధిలో మెల్లగా తొక్కుకుంటూ చివరనున్న స్టాప్ సైన్ దాకా వెళ్ళాను. అడ్డంగా ఒక కారు వచ్చి ఆగింది. నడిపే అమ్మాయి నన్ను ముందు వెళ్ళమని చెయ్యి ఊపింది. నేను కదల్లేకపోయాను. కాళ్ళు బాగానే ఉన్నాయి, నాకే జబ్బూ లేదు. ఆ అమ్మాయి ఇంకోసారి చెయ్యి ఊపి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది. నేను దిగి సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తే చెప్పాను.

"ఎంత దూరం వెళ్ళావు మమ్మీ?"

"స్టాప్ సైన్ దాకా."

"దట్స్ గుడ్. అది చాలు."

తర్వాత అడిగింది. "సౌత్ వైపు వెళ్దామా ఎప్పుడైనా? ఆ ఆలివ్ ట్రీస్ రోడ్స్. నేను వ్యాన్ డ్రైవ్ చేస్తాను."

"నాకు తెలీదమ్మా."

"ఓకే."

అవతల కీబోర్డు చప్పుడు లేదు, టీవీ లేదు. తను ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. ఇద్దరం చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు.